నిండు కుండల ఊరు

కిందటి వారం యమునని మనం నరసన్నపేటలో, ఆమె అద్దెగది మెట్ల మీద వదిలాం. ఒక చేతిలో స్కూటీ తాళం, ఇంకో చేతిలో ఫోను, ఆ ఫోనులో కూర్మమ్మ గొంతు. "నీ కాయితాలన్నీ మోసుకుని రేపు పొద్దున్న మా ఇంటికి రా. నువ్వు రాకపోతే నానే వస్తాను" అని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చి పెట్టేసింది. కూర్మమ్మ వస్తానంటే వచ్చే మనిషి. అందుకని యమునే ముందు బయల్దేరింది.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు మాటలు. యమున చీపురుపల్లి రైతుబిడ్డ. ముప్పై మూడేళ్ళు. మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఇసకరేవు అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో మగవాళ్ళు నెలల తరబడి దూరపు బోట్ల మీద వేటకి పోతే, ఇంటి దగ్గరున్న ఆడవాళ్ళకి దిగులెంత, భయమెంత, నిద్రెంత అని కొలవడం ఆమె పెట్టుకున్న పని. రెండు వందల పన్నెండు మందిని, మనిషికి ఇరవై ప్రశ్నల చొప్పున అడిగించింది. ఫలితం చూసి గైడు మురళీమోహన్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నూట ఎనభై ఆరు మందికి దిగులు కొలత పైఅంచుకి తగిలింది. అంత దిగులున్న మనిషి కనిపిస్తే డాక్టరుకి చూపించి తీరాలని పరిశోధనకి ఒక నిబంధన ఉంది. యమున నిబంధన పాటించింది. నూట ఎనభై ఆరు ఇళ్ళకీ పోస్టులో చీటీలు వెళ్ళాయి. "మీలో తీవ్రమైన మనోవ్యాకులత లక్షణాలు కనిపించినందున ఉచిత వైద్య శిబిరానికి హాజరు కాగలరు" అని.

మొట్టమొదటి చీటీ కూర్మమ్మకే అందింది. ఆవిడకి అరవై రెండేళ్ళు. ఎండుచేపల వ్యాపారం, ఒడ్డున ఆవిడ నోరు విప్పితే వేలంపాట కూడా ఆగుతుంది. దిగులనే మాటకీ ఆవిడకీ చుట్టరికం కలపడానికి మామూలు మనిషికి ధైర్యం చాలదు. యమున కలిపింది.

ఆ ఉదయం కూర్మమ్మ వరండాలో చాప వేసి ఉంది. చాప మీద కూర్మమ్మ, ఆవిడ ఒళ్ళో చీటీ. కోడలు దేవి వంటింటి గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. కూర్మమ్మకి ఒక్కడే కొడుకు, గంగరాజు. ఊరివాళ్ళంతా గుజరాతు బోట్లకి పోతే అతను మాత్రం నాలుగు నెలల కిందట పారాదీప్ బోటుకి వెళ్ళాడు. ఇరవై రోజులకోసారి ఫోను చేస్తాడు, డబ్బు పంపిస్తాడు, తల్లి ఆరోగ్యం అడుగుతాడు.

యమున చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. ఫారాల సంచి కింద పెట్టేలోపే కూర్మమ్మ చీటీ అందించి చదవమంది. యమున చదివింది. "మనోవ్యాకులత" దగ్గర ఆమె గొంతు తనకి తెలియకుండానే తగ్గింది.

"దీనికి తెలుగులో ఏటంటారు?" అని అడిగింది కూర్మమ్మ.

అది తెలుగే అని యమున చెప్పబోయి మానుకుంది. బాగా దిగులుగా ఉండటం అని చెప్పింది.

"పోస్టుమేను ఈ చీటీ ఇచ్చి, నా మొకం సూసి, గుమ్మం బయటే నిలబడిపోయాడు. రోజూ మజ్జిగ తాగి ఎల్లే మనిషి. నానేటి కరుస్తానా?"

యమునకి నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది. కానీ అది నవ్వి ఊరుకునే సంగతి కాదని కూర్మమ్మే చెప్పుకొచ్చింది. మూడో వీధిలో ఒక పిల్లకి సంబంధం ఖాయమైంది. చీటీల సంగతి తెలిసి మగపెళ్ళివారు, ఊరు ఊరంతా ఆడవాళ్ళకి బుర్ర చెడిందటగా, నీళ్ళలో ఏమైనా ఉందా అని కబురంపారు. ఎండుచేపల షావుకారు కూడా పరాచికాలాడాడు. ఇసకరేవు ఆడవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరా తలొంచింది లేదు. ఇప్పుడు ఒక కాగితం ముక్క వాళ్ళ తల వంచింది. కూర్మమ్మ కోపం తన కోసం కాదు, ఆ అందరి కోసం. యమునకి అది అర్థమైంది.

నిజానికి యమునకి నెలరోజులుగా లోపల ఒక పురుగు తొలుస్తోంది. ఇరవై ప్రశ్నల్లో పదిహేను దిగులు గురించి, అయిదు నమ్మకం గురించి. దిగులు పైకి పోతే నమ్మకం కిందికి రావాలి. ఇసకరేవులో రెండూ నిండు కుండలే. రేపటి మీద ఆశ నిండా ఉంది, రేపటి మీద భయమూ నిండా ఉంది. ఇదెలా సాధ్యం సార్ అని అడిగితే మురళీమోహన్ గారు అదే కొత్త విషయమన్నారు. గురువారం విశాఖపట్నంలో సదస్సు, అక్కడ చెబుతానన్నారు. గైడు అంత సంబరపడుతుంటే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది. పైగా యమునకి థీసిస్ ఇవ్వాల్సిన గడువు నెత్తి మీదే ఉంది.

కుండల సంగతి చెప్పాలి. ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నల్ని తెలుగులోకి తేవడానికే ఆమెకి ఆరు నెలలు పట్టింది. "గత రెండు వారాలలో" అని అడిగితే, "ఏకాదశి కాణ్ణించా, అమాస కాణ్ణించా?" అని ఎదురడిగారు. "చాలా తరచుగా" అంటే పక్కున నవ్వారు. ఒకావిణ్ణి అడుగుతుంటే పక్కింటివాళ్ళు ముగ్గురు వచ్చి కూర్చుని ఆవిడ తరఫున జవాబులు చెప్పారు. చివరికి యమున ఒక అట్ట మీద నాలుగు కుండలు గీసింది. ఖాళీ కుండ, పావు కుండ, సగం కుండ, నిండు కుండ. దిగులెంతో వేలితో చూపిస్తే చాలు. ఆ అట్ట గీసిన రోజున ఆమెకి నిజంగానే తన మీద తనకి గౌరవం కలిగింది.

"అడుగు" అంది కూర్మమ్మ. "ఆ గుంట అడిగినట్టే, నా ఎదురుగా మళ్ళీ అడుగు. నాను ఏటి సెప్పానో, నువ్వేటి రాసుకున్నావో సూద్దాం."

ఆ గుంట అంటే శ్రావణి. యమున దగ్గర ఫారాలు నింపే ఉద్యోగంలో ఉన్న అమ్మాయి. వరంగల్ నుంచి వచ్చింది. ఓపిక, నిజాయితీ, అందమైన చేతిరాత. ఆమె ఫారం చూస్తే ముద్రించినట్టుండేది.

యమున కొత్త ఫారం తీసి పెన్ను పట్టుకుంది. మనసులో దిగులెంత ఉందమ్మా అని మొదటి ప్రశ్న అడిగింది.

"నిండుకున్నాది."

యమున పెన్ను నిండు కుండ గడిలో టిక్కు పెట్టేసింది. ఎనిమిది నెలలుగా ఆమె చూసిన దాదాపు ప్రతి ఫారంలో, ప్రతి గడిలో శ్రావణి పొట్టిగా "నిం" అనే రాసింది. కంటికి అలవాటైనది చెవికీ అలవాటైపోయింది. ఏదో జరగబోతుందన్న భయమెంత అని రెండోది అడిగింది. అదీ నిండుకున్నాది. నిద్ర పట్టకపోవడం, అదీ నిండుకున్నాది. కూర్మమ్మ హాయిగా, కాళ్ళు చాపుకుని, చక్కెర వేసిన టీ అడిగినంత తేలిగ్గా చెబుతోంది. దిగులు అంచులు దాటిన మనిషి మొహం ఇలా ఉంటుందని ఏ పుస్తకంలోనూ రాయలేదు.

రేపటి మీద నమ్మకమెంత అని అడిగింది యమున.

"నిండా ఉన్నాది."

అంతలో వంటింటి గుమ్మం దగ్గర్నుంచి దేవి, "అత్తా, ఉప్పు నిండుకున్నాది" అంది. కూర్మమ్మ తల తిప్పకుండానే, పక్కింటిని అడిగి చేరెడు తెచ్చుకోమంది.

యమున పెన్ను గాలిలో ఆగింది.

ఆమె చీపురుపల్లిలో పుట్టింది. వాళ్ళమ్మ బియ్యం డబ్బా అడుగు తగిలిన ప్రతిసారీ, బియ్యం నిండుకున్నాయే అని తండ్రికి వినిపించేలా అనేది. ఆ మాట విని తండ్రి ధాన్యం మరకి వేయించేవాడు. పుట్టినప్పట్నుంచీ విన్న మాట. చదువుకుని, మూడు భాషల్లో వ్యాసాలు రాసి, కుండలు గీసి, లెక్కలు కట్టి, ఆ మాటని నూట ఎనభై ఆరు ఫారాల్లో తలకిందులుగా చదివింది. ఆ క్షణాన యమునకి తన చెవులు పట్టుకుని తనే మెలిపెట్టుకోవాలనిపించింది.

"దిగులు నిండుకున్నాది అంటే," అని మెల్లగా అడిగింది, "అయిపోయిందనా?"

కూర్మమ్మ ఆమెని జాలిగా చూసింది. "మరేటనుకున్నావు? మగోళ్ళు నీటి మీదున్నన్నాళ్ళూ ఆ రెండచ్చరాల మాట మా నోట రాదమ్మా. మా అత్త నాకు సెప్పింది, నాను దేవికి సెప్పాను. మీ ఇళ్ళల్లో బియ్యానికీ పసుపుకీ నిండుకున్నాయంటారు. మాకు అన్నిటికీని. దిగులైనా అంతే, జ్వరమైనా అంతే. ఆ మాట ఇక్కడంటే అక్కడ నీటి మీద ఇనబడతాది. నిండుకున్నాది ఏరు, నిండా ఉన్నాది ఏరు. సెవులున్నోళ్ళకి తెలస్తాది."

ఆ రెండక్షరాల మాట "లేదు" అని తట్టి యమున ముందు నవ్వింది. ఆ తర్వాత కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి దుఃఖంవి కావు. నూట ఎనభై ఆరు మంది ఆడవాళ్ళు బాగున్నారు. ఎనిమిది నెలల పని గంగలో కలిసింది, గడువు దగ్గర పడింది, అయినా ఆమె గుండె మీంచి పెద్ద బరువు దిగింది. వాళ్ళు బాగున్నారు, అంతే చాలనిపించింది.

చీటీ వెనక్కి తిప్పి దాని మీదే నాలుగు కుండలు గీసింది. ఏ కుండో నోటితో చెప్పొద్దు, చూపించమంది. కూర్మమ్మ వేలు కాసేపు తిరిగి పావు కుండ మీద ఆగింది. తుఫాను కబురు వచ్చిన రోజున సగం అవుతుందని, మిగతా రోజుల్లో ఇంతేనని చెప్పింది. ఖాళీ కుండని చూపించడం తప్పు కాదా అని యమున అడిగితే, చూపిస్తే తప్పేముంది, నోటితో అనకూడదు గాని అంది.

అంటే అట్ట సరైనదే. మరి తప్పెక్కడ జరిగింది? యమున అక్కడి నుంచే శ్రావణికి ఫోను చేసింది. ఆ పిల్ల ఏడుస్తూ ఒప్పుకుంది. రెండో వారంలో అట్ట ఆటోలో మర్చిపోయింది. చెబితే ఉద్యోగం పోతుందని భయపడి నోటితోనే అడగడం మొదలుపెట్టింది. ఖాళీయా, పావా, సగమా, నిండా అని. వాళ్ళు నిండుకుందన్నారు, తను నిండు అని రాసింది. వాళ్ళ వైపు బియ్యం అయిపోతే అయిపోయాయనే అంటారట. యమునకి కోపం రాలేదు. భయపడి దాచిన పిల్లని తిట్టడానికి ముందు, ఒక్కటే అట్ట చేసి చేతికిచ్చిన పెద్దమనిషిని తిట్టాలి. ఆ పెద్దమనిషి తనే. ఉద్యోగం ఎక్కడికీ పోదు, ఈసారి పది అట్టలు చేద్దామని చెప్పింది.

ఇక గైడు. ఆయనకి చేసిన ఫోను ఇంత సులువుగా సాగలేదు. సదస్సుకి పేరిచ్చేశామన్నారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి ఫలితం చూడలేదన్నారు.

"ఇది ఫలితం కాదు సార్. ఉప్పు" అంది యమున.

విషయం విడమరిచి చెప్పింది. ఆయనకీ తల్లి వంటిల్లు గుర్తొచ్చింది కాబోలు. మురళీమోహన్ గారు ఎప్పుడూ నవ్వే మనిషి కాదు. ఆ రోజు ఫోనులోనే, దగ్గు వచ్చేదాకా నవ్వారు. మరి గురువారం నేనేం చెప్పనని అడిగారు. మనం ఎలా తప్పు చేశామో చెప్పండి, మధ్యాహ్నం సభలో కూడా ఎవరూ కునుకు తీయరని యమున సలహా ఇచ్చింది. ఆయన గొణిగి, సణిగి, చివరికి నెలరోజులు గడువిచ్చారు. ఆ నెలలో రెండు వందల పన్నెండు మందినీ మళ్ళీ అడగాలి. అడగలేకపోతే థీసిస్ ఈ ఏడాదికి లేనట్టే, వచ్చే ఏడాదికి ఆమె స్కాలర్‌షిప్పూ ఉండదు.

ఫోను పెట్టేసి చూస్తే కూర్మమ్మ అన్నీ వింది. చీటీలు అందుకున్న ఇళ్ళలో యమునకి తలుపు తీసేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తప్పు ఒప్పుకుని, ఇంటింటికీ వెళ్ళి చీటీలు తనే వెనక్కి తీసుకుంటానని, కూర్మమ్మ పక్కనుంటే తప్ప ఇది జరగదని యమున ఉన్నదున్నట్టు చెప్పేసింది.

కూర్మమ్మ చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "తీసుకెల్తాను. ఇంటింటికీ నాను ముందు నడుస్తాను, నువ్వు ఎనకాల రా. ఒకటే మాట. ఆ గుంట అట్ట పోయిందని దాసింది, దాంతోనే ఇంత గోలయింది. ఇకమీదట నా కాడ దాపరికం ఉండకూడదు."

యమున ఆవిడ చేతిలో చెయ్యి వేసింది. వేసేటప్పుడు ఆలోచించలేదు. అంత సంతోషంలో ఎవరు మాత్రం ఆలోచిస్తారు.

దేవి అన్నం పెట్టింది. వంజరం పులుసు, పెసరపప్పు, పక్కింటి ఉప్పు. చీటీలు మొదలయ్యాక యమునకి నోటికి రుచి తెలిసిన మొదటి భోజనం అదే. రెండోసారి వడ్డించమని తనే అడిగింది. కూర్మమ్మ కొడుకు చిన్నప్పటి కబుర్లు చెప్పింది. ఏడేళ్ళకే తెప్ప మీద కూర్చున్నాడని, వాళ్ళ నాన్న పోలికేనని, నీళ్ళంటే వాడికి ఇల్లేనని. మామగారి మాట వచ్చినప్పుడు దేవి గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

భోజనమయ్యాక యమున ఫారాలు ముందేసుకుంది. అట్ట పోకముందు, మొదటి వారంలో నింపిన పంతొమ్మిది ఫారాలు వేరు చేసింది. వాటిలో దిగులు గడులన్నీ పావులూ ఖాళీలే. మిగతా వాటితో కలవట్లేదని వాటినే తప్పుడు లెక్కగా పక్కన పెట్టిన సంగతి గుర్తొచ్చి మళ్ళీ తనలో తను నవ్వుకుంది. తర్వాత ఒక్కొక్కటే తిరగేస్తూ పోయింది. నిం, నిం, నిం. వంద దాటింది. నూట పదహారు. నూట పదిహేడు.

నూట పదిహేడులో "నిం" లేదు. దిగులడిగిన పదిహేను గడుల్లోనూ శ్రావణి అందమైన చేతిరాతలో "లే" అని ఉంది. లే, లే, లే.

"ఈ నూట పదిహేడు ఒక్కటీ వేరుగా ఉంది. అన్నిటికీ లేదు అనే చెప్పింది" అంది యమున, పైకి. ఆ మాట అన్నాక గాని తను ఎవరి ఎదుట అందో ఆమెకి తెలియలేదు.

కూర్మమ్మ చేతిలో తమలపాకు చేతిలోనే ఉండిపోయింది. "లే" అక్షరం ఆవిడకి చదవడం వచ్చు. వంగి, ఆ గడులన్నీ వేలితో తడిమింది. పదిహేనూ తడిమింది.

"మగోడు నీటి మీదుండగానా?" అంది. "ఎవుల్దమ్మా ఇది?"

ఫారం మీద పేరుండదు, నంబరే ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో రాసిన చిన్న పుస్తకం యమున సంచి అడుగున, తాళం వేసిన పెట్టెలో ఉంది. దాన్ని ఎవరికీ చూపించనని ప్రతి మనిషికీ మాటిచ్చాకే ప్రశ్న అడిగారు. చీటీల కోసం నిబంధన ప్రకారం ఒకసారి పేర్లు బయటికి వెళ్ళినందుకే ఇంత జరిగింది. ఈ ఫారం మనిషికి చీటీ వెళ్ళలేదు, ఆ పేరు యమున కూడా ఎప్పుడూ చూడలేదు. చెప్పకూడదమ్మా అని ఆమె నెమ్మదిగా చెప్పింది.

"ఇందాకే నా సేతిలో సెయ్యేశావు."

కూర్మమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించేంత మెత్తగా మాట్లాడింది. ఆవిడ పెళ్ళయిన కొత్తలో ఒకే ఏడాది మూడు బోట్లు వెనక్కి రాలేదట. అప్పట్నుంచీ ఈ ఊళ్ళో ఏ ఆడమనిషీ ఆ మాట అనలేదట. అందరి మగవాళ్ళూ ఒకే నీళ్ళ మీద ఉన్నారు, ఒక్కతి నోరు జారితే అది అందరి మీదికీ వస్తుంది. ఆ ఒక్కతి ఎవరో తనకి తెలియాలి, గంగమ్మ తల్లి దగ్గర తలస్నానం చేయించి తప్పు చెప్పించాలి. పేరు చెప్పేదాకా ఏ ఇంటి గుమ్మమూ ఎక్కించనంది. సాయంత్రం లోపు ఆలోచించుకోమని, చేపల బుట్టలు చూసుకోవడానికి పెరట్లోకి వెళ్ళింది.

యమున సంచి సర్దుకుంది. పేరు చెబితే రెండు వందల పన్నెండు తలుపులు తెరుచుకుంటాయి. చెప్పకపోతే ఒక్కటీ తెరుచుకోదు. కూర్మమ్మది మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి ఆమెకి మనసు రాలేదు. కొడుకు కోసం నాలుగు నెలలుగా ఒక మాటని నోట్లోనే ఆపుకుంటున్న తల్లి అది. అయినా ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. ఎవరో ఒకావిడ నమ్మి చెప్పింది. ఆవిడ ఎవరో తెలియకపోయినా ఆవిడ పక్షానే నిలబడాలని యమున అనుకుంది. అనుకున్నాక ఏడాది పోయినా పోనీ అన్నంత నిబ్బరం వచ్చింది.

స్కూటీ దాకా దేవి సాగనంపింది. సీటు మీద పడ్డ ఇసక దులుపుతూ, తల ఎత్తకుండా, "నూట పదేడు నాదే మేడమ్" అంది.

యమున అటూ ఇటూ చూసింది. వరండాలో ఎవరూ లేరు.

"ఆ రోజు ఆ అమ్మాయి ఒడ్డున నన్నొక్కదాన్నీ కూసోబెట్టి అడిగింది. మా అత్త దగ్గర్లో లేదు. నెలల పాటు ఆపుకున్న మాట పదిహేను సార్లు అన్నాను. పేణం ఎంత హాయిగా ఉందో."

అలా అనకూడదని నీకు తెలుసు కదా అని అడిగింది యమున.

"నీటి మీదున్నోళ్ళకి గదా ఆ కట్టు. మా ఆయన నీటి మీద లేడు."

ఆయన పోయాడేమో అనుకుంది యమున. ఆమె మొహం చూసి దేవి గబగబా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, బాగున్నాడు మేడమ్. సాలూరులో లారీ షెడ్డులో పని నేర్సుకుంతన్నాడు. పారాదీప్ ఎల్లనే ఎల్లలేదు. కిందటేడు గాలివానలో రెండు రోజులు బోటు మీద ఇరుక్కుపోయాడు గదా, అప్పట్నుంచీ నీళ్ళు సూస్తే సెమటలు పడతాయి, సేతులు వణుకుతాయి. అమ్మకి సెప్పలేడు. ఆయన నాన్న పోలికంటాది ఆవిడ." దేవి గొంతు తగ్గించింది. "మీరు ఊరంతా తిరిగి బయం ఎంత, బయం ఎంత అని మమ్మల్నే అడిగారు. మగోళ్ళనెవులడిగారు మేడమ్?"

మూడేళ్ళుగా యమున ఎవరూ అడగని ప్రశ్న కోసం వెతుకుతోంది. అది ఈ ఇసకలో, చేపల పొలుసు అంటిన చేతులతో ఒక అమ్మాయి అడిగేసింది. గంగరాజుని కలవాలి, ఇవాళే కలవాలి అని ఆమె మనసు అప్పుడే సాలూరు బస్సు ఎక్కేసింది.

వెనక గేటు చప్పుడైంది. దేవి చెయ్యి వదిలేసి, స్కూటీ అద్దం తుడవడంలో మునిగిపోయింది. కూర్మమ్మ పెరట్లోంచి చుట్టూ తిరిగి వచ్చి యమున ఎదురుగా నిలబడింది. ఆవిడ కళ్ళలో కోపం లేదు. అంత గట్టి మనిషి చేతులు జోడించడం ఇసకరేవులో ఎవరూ చూసి ఉండరు.

"నా కొడుకు కూడా నీటి మీదే ఉన్నాడమ్మా" అంది. "సెప్పు. ఎవుల్ది ఆ నోరు?"